సొంత కుంటల కట్టలు - దిగువవారి క్షేమము

(గ్రామసభలో చేసిన ప్రసంగ పాఠము)



చెరువులను గూర్చి మీకు చెప్పబూనుట చేపపిల్లకు ఈత నేర్పుట వంటిది. కట్ట మీదుగా నడచి పొలమునకు పోని దినము మీలో చాలమందికి ఉండదు. తూము ఎప్పుడు ఎత్తవలెనో, ఏ మడికి ఎంత నీరు చాలునో మాకంటె మీకే బాగుగా తెలియును. కావున నేడు మేము సాగునీటి సంగతి చెప్పుటకు రాలేదు. నీటిని నిలుపు కట్టను గూర్చి, అందులోను సొంతదారుల చేతిలో ఉన్న చిన్న మట్టికట్టలను గూర్చి, ఆ కట్టల దిగువ నిద్రించువారిని గూర్చి నాలుగు మాటలు చెప్పుటకు వచ్చితిమి.

చిన్న కట్ట అని మేము అనునది ఎట్టిదో ముందుగా చెప్పుదుము. పట్టాభూమిలో పారు వంకకు అడ్డముగా మన్ను పోయించి రైతు కట్టుకొన్న కుంట ఒకటి. తోటకో, చేపల పెంపకమునకో, కర్మాగారపు అవసరమునకో కట్టించుకొన్నది మరియొకటి. ఎవరో పూర్వులు కట్టగా భూమితోపాటు చేతులు మారి, నేడు ఎవరి పోషణయు లేక పడియున్నది ఇంకొకటి. ఎత్తు 10 అడుగులో, 20 అడుగులో ఉండును. ఇంజనీరు ఎన్నడును దాని మొగము చూచి ఉండకపోవచ్చును. ఇట్టి గట్టును చూచి భయపడువారెవరు? శ్రీశైలమునకో నాగార్జునసాగరమునకో వరద వచ్చినచో పత్రికలన్నియు వ్రాయును. కుంట నిండినదని ఏ పత్రికయు వ్రాయదు.

కాని ఒక్కసారి లెక్క వేసి చూడుడు. 5 ఎకరముల కుంటలో సగటున 6 అడుగుల లోతున నీరు నిలిచినచో అది సుమారు 37,000 ఘనమీటర్లగును. ఒక ఘనమీటరు నీరు ఒక టన్ను తూగును. అనగా 10 టన్నుల లారీలకు ఎత్తినచో 3,700 లారీల బరువు. ఇంత నీటిని ఒక మట్టిగట్టు ఆపి ఉంచుచున్నది. గట్టు తెగిననాడు ఈ నీరు కాలువలో పారినట్లు మెల్లగా పారదు. గంట లోపలనే అందులో చాలభాగము దిగువకు దూకవచ్చును. మోకాలికి మించిన లోతున అట్టి వేగముతో వచ్చు నీటిలో వయసులో ఉన్న మగవాడు సైతము నిలువజాలడు.

కట్టల భద్రతను పరీక్షించు ఇంజనీర్లు రెండు ప్రశ్నలను వేరువేరుగా వేయుదురు. కట్ట ఎంత గట్టిగా ఉన్నదనునది మొదటిది. కట్ట తెగినచో దిగువ ఏమి జరుగుననునది రెండవది. ఈ రెండవ ప్రశ్నకు వచ్చు సమాధానమును బట్టి కట్టకు హాని తరగతి నిర్ణయింతురు. అమెరికాలో ఈ తరగతులు మూడు. కట్ట తెగినచో మనుష్యప్రాణము పోవుట సంభవమైనపుడు అది ఎక్కువ హాని తరగతి. ప్రాణనష్టము లేకున్నను రోడ్లు, వంతెనలు, ఇతరుల ఆస్తులు దెబ్బతినునట్లయినచో మధ్యమ తరగతి. యజమాని సొంత భూమికి తప్ప ఇతరులకు పెద్దగా నష్టము లేనిచో తక్కువ హాని తరగతి. ఇతర దేశములలోను పేర్లు మారినను మూలసూత్రము ఇదియే.

ఇందులో మీరు గమనింపవలసిన విశేషమొకటి కలదు. ఈ తరగతిలో కట్ట బలము ప్రసక్తియే లేదు. నిన్న కట్టిన గట్టి కట్టయైనను దిగువ నాలుగు ఇండ్లున్నచో అది ఎక్కువ హాని తరగతిలోనిదే. గండి పడుటకు సిద్ధముగా ఉన్న పాత గట్టయినను దిగువ బీడుభూమి తప్ప మరేమియు లేనిచో తక్కువ తరగతిలోనిదే. “మా కట్ట ఇనుపగోడ వంటిది, దానిని ప్రమాదమందురా?” అని యజమానులు కోపపడుట ఎల్ల దేశములలోను ఉన్నది. వారి కట్టను ఎవరును నిందించుట లేదు. వడ్లబస్తాలు తోలు బండియు, పెండ్లివారిని తోలు బండియు ఒకే వడ్రంగి చేసి ఉండవచ్చును. అయినను పెండ్లిబండి తోలువాడు బయలుదేరుటకు ముందు ఇరుసును, సీలను మరియొకసారి తడిమి చూచుకొనును. హాని తరగతి అనునది ఆ బండిలో కూర్చున్నదెవరో చెప్పు మాట మాత్రమే.

ఈ తరగతి తప్పుగా వ్రాసినచో ఏమగునో తెలుపు ఉదాహరణమొకటి దూరదేశమునుండి తెచ్చితిమి. ప్రదేశము దూరమేయైనను సంగతి మనకు పరిచితమైనట్లే ఉండును.

పసిఫిక్ మహాసముద్రములో హవాయి ద్వీపములు అమెరికా దేశమునకు చెందినవి. అందు కవాయి అను ద్వీపములో 1890 ప్రాంతమున చెరుకుతోటల కంపెనీవారు కొండమీద కా లోకో అను జలాశయమునకు మట్టికట్ట కట్టించిరి. ఎనుబది యేండ్లపాటు ఆ నీటితో చెరుకు పండెను. కట్టను చూచుకొనుటకు కంపెనీ మనుష్యులుండెడివారు. 1971లో ఆ కంపెనీ మూతపడినది. చెరుకు పోయినది, కట్టను కనిపెట్టియుండిన మనుష్యులు పోయిరి, నీరు మాత్రము కొండమీద అట్లే నిలిచియున్నది. భూమి సొంతదారుల చేతికి వచ్చినది. ప్రభుత్వపు జాబితాలో ఆ కట్టకు ఎదురుగా తక్కువ హాని అని వ్రాసియుండెను. తక్కువ హాని అని వ్రాసినదానిని పరీక్షించుటకు ఎవరు తొందరపడుదురు? కొండ దిగువ ఇండ్లు వెలసినవి. జాబితాలోని మాట మారలేదు.

2006 ఫిబ్రవరి, మార్చి నెలలలో అక్కడ ఇంచుమించు 40 దినములు వానలు కురిసినవి. మార్చి 14న తెల్లవారకముందే కట్ట తెగినది. సుమారు 15 లక్షల ఘనమీటర్ల నీరు చెట్లను వేళ్లతో పెకలించుకొనుచు లోయ వెంబడి సముద్రమునకు పరుగెత్తినది. దారిలోని ఇండ్లలో నిద్రించుచున్న 7 గురు మరణించిరి. వారిలో ఒకరు గర్భిణి. ప్రభుత్వము విచారణ జరిపించగా, 2007 జనవరిలో వెలువడిన నివేదికలో ముఖ్యముగా తేలినది ఒకటే: ఎక్కువైన నీరు సురక్షితముగా పోవలసిన అలుగు అక్కడ కానరాలేదు; అది పూడ్చబడినదని సాక్ష్యములు సూచించినవి. యజమాని 2014లో 7 నెలల కారాగారశిక్ష పొందెను. హవాయి రాష్ట్రము 2007లోనే కట్టల భద్రతకు క్రొత్త చట్టము చేసినది.

ఇందు అలుగు లేకపోవుట కట్ట దోషము. దానిని ఎవరును చూడకపోవుట తరగతి దోషము. రెండును కలిసినపుడే 7 ప్రాణములు పోయినవి. సరియైన తరగతి వ్రాసియున్నచో తనిఖీదారు ఒక్కసారియైనను కట్టమీద నడచి, “అలుగు ఏది?” అని అడిగియుండెడివాడు. ఆ ప్రశ్న అడుగుటకు పెద్ద చదువు అక్కరలేదు. మన నీరటికాండ్రు ఎవరైనను అడుగగలరు.

అమెరికాలోనే జార్జియా రాష్ట్రమున టొకోవా అను ఊరివద్ద కెల్లీ బార్న్స్ అను కట్ట ఉండెడిది. ఎత్తు సుమారు 40 అడుగులు. మొదట విద్యుచ్ఛక్తి కొరకు కట్టినది, పిదప దిగువనున్న ఒక మతవిద్యాలయము అధీనములోనికి వచ్చినది. 1957 తర్వాత విద్యుత్తు తీయుట మానిరి. అటుపిమ్మట అది విహారమునకు పనికివచ్చు కొలను మాత్రమే. వెలుపలి వాలు నిటారుగా ఉండెను. ఆ వాలున మన్ను జారినట్లు 1973 నాటి ఛాయాచిత్రములోనే కనబడుచున్నది. 1977 నవంబరు 6వ తేదీ అర్ధరాత్రి దాటిన పిదప కట్ట తెగి 39 మంది మరణించిరి. వారిలో పలువురు పసివారు. ఆ నీటిపై ఆ విద్యాలయమునకు పెద్ద అవసరము కూడ లేదు. ఈ సంగతి మాకు ఎక్కువ బాధ కలిగించుచున్నది. పంటకొరకు కట్టను కాపాడుకొనువాడు దానిని దినమును చూచును. ఉపయోగము తీరిన కట్టను ఎవడును చూడడు, నీరు మాత్రము ఎప్పటివలెనే ఒత్తిడి పెట్టుచుండును.

ఈ ఘటన తరువాత అమెరికా అధ్యక్షుడు కార్టర్ ఆజ్ఞపై, కేంద్రప్రభుత్వమునకు చెందనివియు దిగువ ప్రాణభయము గలవియు అయిన సుమారు 8,800 కట్టలను 1978 నుండి 1981 వరకు పరీక్షించిరి. మూడింట ఒక వంతు కట్టలు క్షేమముగా లేవని తేలినది. వానిలో అత్యధిక భాగమునకు గల దోషము ఏమనుకొందురు? అలుగు చాలకపోవుట.

ఇక మన దేశపు సంగతి. 2021లో పార్లమెంటు ఆనకట్టల భద్రతా చట్టమును చేసినది. అది ఆ సంవత్సరము డిసెంబరు 30 నుండి అమలులోనికి వచ్చినది. ప్రభుత్వపు కట్టయైనను, ప్రైవేటు కట్టయైనను భేదము లేదు. 15 మీటర్లకు మించిన ఎత్తుగల కట్టలన్నియు దానికి లోబడినవే. 10 మీటర్లకును 15 మీటర్లకును నడుమ ఉన్నవి కొన్ని షరతులకు లోబడి వచ్చును. కట్ట పొడవు 500 మీటర్లకు తక్కువ కాకుండుట, నిలువ నీరు 10 లక్షల ఘనమీటర్లకు తక్కువ కాకుండుట ఆ షరతులలోనివి. ఆ చట్టము అవసరమైనదే. కాని 10 మీటర్లనగా 33 అడుగులు. మన కుంటలలో అంత ఎత్తైనవి ఎన్ని? చట్టపు కొలబద్దకు మన కుంటలన్నియు పొట్టివే. దేశమంతటికి ఒక గీత గీయవలసివచ్చినపుడు ఎక్కడనో ఒకచోట గీయక తప్పదు. అందుకు ఎవరిని తప్పుపట్టజాలము. అయినను గీతకు దిగువనున్న కట్ట క్షేమమైనదని ఎవరును భ్రమింపరాదు. గీత చెప్పునది కట్ట పొడవు ఎత్తులను, నిలిచిన నీటిని. దిగువనున్న మనుష్యులను కాదు.

చిన్న చెరువు తెగినచో ఏమగునో మన తెలుగునాట చూచియున్నాము. 2005 అక్టోబరు 29న నల్గొండ జిల్లా వలిగొండవద్ద, భారీవర్షములకు ఒక చెరువు తెగి ఆ వరద రైలుమార్గము క్రిందనున్న చిన్న వంతెనను కొట్టివేసినది. తెల్లవారుజామున వచ్చిన డెల్టా ప్యాసింజరు పెట్టెలు అందులో పడినవి. వందమందికి పైగా మరణించిరి. ఆ ప్రయాణికులలో ఒక్కరైనను ఆ చెరువు పేరు విని ఉందురా? కట్ట దిగువవారు అనగా ఆ ఊరివారే కానక్కరలేదు. రోడ్డు, రైలుమార్గము, బడి, సంత - నీరు చేరగల దారిలో ఏ వేళనైనను మనుష్యులుండు చోటు ఏదైనను దిగువయే.

మన తెలుగుదేశమున మరియొక విశేషము కూడ కలదు. కాకతీయుల కాలమునుండియు మన చెరువులు గొలుసుకట్టుగా ఉన్నవి. పై కుంట అలుగు పారి నడిమి కుంటకు, దాని అలుగు పారి పెద్దచెరువునకు నీరు చేరును. వానలు తక్కువైన ఏటికి ఇంతకు మించిన ఏర్పాటు లేదు. కాని పై కుంట తెగినచో, అప్పటికే నిండియున్న క్రింది కుంట ఆ నీటిని భరింపజాలక అదియు తెగును. ఒక సొంతదారుని 3 ఎకరముల కుంట గ్రామముమ్మడి పెద్దచెరువును ముంచుట ఇట్లే జరుగును. కావున గొలుసులో పైనున్న కుంట ఎంత చిన్నదైనను, దాని తరగతిని దాని నీటిని చూచి కాక గొలుసు చివరనున్న ఊరిని చూచి నిర్ణయింపవలెను. ఇది మా స్వంత అభిప్రాయము కాదు. పై కట్ట తెగి క్రింది కట్టను తెంచుట ఇంజనీర్లందరును లెక్కలోనికి తీసికొను విషయము.

మరి మన ఊరి కుంటకు తరగతి ఎవరు కట్టవలెను? శాస్త్రీయముగా లెక్క వేయవలసినది ఇంజనీరే. కాని ఆయన వచ్చువరకు మీరు చేయగల పని ఒకటి కలదు. ఎండాకాలమున ఒకనాడు ఉదయమే కట్ట నడుమ నిలిచి, నీరు తెగినచో ఎటు పోవునో అటు దిగి నడువుడు. పల్లమును వదలకుండ నడువవలెను. బాట మంచిదని బాట పట్టరాదు. కుంటయజమానిని వెంట తీసికొనిపొండు. పాత వంక పోయిన జాడ ముసలివారికి తెలియును, వారిలో ఒకరిని పిలువుడు. దారిలో తగులు ప్రతి ఇంటిని, గుడిసెను, కోళ్లఫారమును, మోటారుకొట్టమును, బాటను, కల్వర్టును ఒక కాగితముమీద వ్రాయుడు. ఇంటి గడప వంక అడుగునుండి ఎంత ఎత్తున ఉన్నదో చూడుడు. రాత్రివేళ అక్కడ పండుకొనువారెందరో అడుగుడు. ఇటుకబట్టీల కూలీలు, గొర్రెలమందల కాపరులు ఏ జాబితాలోను ఉండరు, కాని వంక ఒడ్డునే విడిది చేయుదురు. ఈ నడక ముగియునప్పటికి తరగతి మీకే తెలియును.

ఇట్టి నడకలలో ఎక్కువగా కనబడునది ఒకటున్నది. కుంట పాతదే, కట్ట పాతదే, దిగువ ఇండ్లు మాత్రము క్రొత్తవి. ఊరు పెరుగును, ఇండ్లస్థలములు కావలెను, చెరువుక్రింది భూమి చవుకగా దొరకును, చదునుగా ఉండును, ప్రక్కనే నీరుండును. అక్కడ కాలనీ వెలయును. కట్టలో ఒక్క పార మన్నైనను కదలకుండనే దాని తరగతి తక్కువనుండి ఎక్కువకు మారిపోయినది. ఇందు కుంటయజమాని చేసిన తప్పు లేదు. ఇల్లు కట్టుకొన్నవారి తప్పు కూడ లేదని మేము తలంతుము, వారికి చెప్పినవారెవరు? లేఔటుకు అనుమతి ఇచ్చువారు పైకి తిరిగి కుంటను చూడవలెను. గ్రామపంచాయతీ తీర్మానపు పుస్తకములో ఆ మాట వ్రాయించవలెను. సంవత్సరమునకు ఒకమారు దిగువకు నడచుట ఇందుకొరకే. పోయిన యేటి కాగితము ఈ యేటికి చెల్లదు.

దిగువ ఇండ్లున్నవని తేలిన కట్టను యజమాని ఎట్లు చూచుకొనవలెనో ఇక చెప్పుదుము.

అన్నిటికంటె ముందుది అలుగు. కొన్ని సీమలలో దీనిని మరవ అందురు, కొన్నిచోట్ల కలుజు, మరికొన్నిచోట్ల మత్తడి. పేరేదైనను పని ఒకటే. మట్టికట్ట నీటిని ఆపగలదు గాని తనమీదుగా నీరు పొర్లుటను ఓర్వజాలదు. పొర్లిన నీరు వెలుపలి వాలును అడుగునుండి కోసికొనుచు వెనుకకు వచ్చి కట్ట నెత్తిని తెంచును. కావున ఎంత వాన కురిసినను నీరు నెత్తికి చేరకముందే అలుగునుండి పోవలెను. పూర్తిగా నిండిన నీటి మట్టమునకును కట్ట నెత్తికిని నడుమ 3 అడుగులకు తక్కువ కాకుండ ఖాళీ ఉండుట మేలు. అలుగుమీద ఇసుకబస్తాలు వేసియో, ఇటుకలు పేర్చియో ఒక అడుగు నీరు అదనముగా నిలుపుకొనుట మేము పలుచోట్ల చూచినాము. ఆ అడుగు నీటికొరకు కట్ట ప్రాణమును తీయుచున్నామని వారు ఎరుగరు.

చేపలు పెంచువారు ఇంకొక పని చేయుదురు. చేపపిల్లలు కొట్టుకొనిపోకుండ అలుగునకు సన్నకన్నుల వల కట్టుదురు. వరదలో వచ్చు ఆకులు, చెత్త, తుమ్మకంప ఆ వలకు పట్టి అలుగు గోడగా మారును. ఇది క్రొత్త తప్పు కాదు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో సౌత్ ఫోర్క్ అను కట్టను కొందరు ధనవంతుల క్లబ్బువారు కొనిరి. బండ్లు పోవుటకు వీలుగా కట్ట నెత్తిని కొంత తగ్గించిరి. చేపలు పోకుండ అలుగునకు జాలీలు పెట్టిరి. నీటిని దించుటకు అడుగున పూర్వమున్న గొట్టములు తీసివేయబడియుండగా వానిని తిరిగి అమర్చలేదు. 1889 మే 31న పెద్దవాన కురియగా జాలీలకు చెత్త పట్టినది, నీరు కట్టమీదుగా పొర్లినది. దిగువనున్న జాన్స్‌టౌన్ పట్టణములోను, దాని చుట్టుపట్లను 2,209 మంది మరణించిరి. చేపలు కావలెనన్నచో వలను వెడల్పు కన్నులతో, అలుగునకు దూరముగా కట్టుడు. మబ్బు పట్టిన వెంటనే విప్పివేయుడు.

రెండవది ఊట. మట్టికట్టకు కొంత చెమ్మ ఊరుట సహజమే. వెలుపలి పాదమువద్ద ఊరు నీరు తేటగా, ఎప్పుడును ఒకే తీరుగా ఉన్నచో కనిపెట్టియుండిన చాలును. ఆ నీరు బురదరంగుకు తిరిగినదా, ఎక్కువైనదా, కట్టలోపలి మన్ను నీటితో కొట్టుకొనిపోవుచున్నదని అర్థము. గాజుగ్లాసులో పట్టి కొంతసేపు ఉంచి అడుగున మన్ను తేరినదేమో చూచుట సులభమైన పరీక్ష. ఎలుకలు, పందికొక్కులు, ఎండ్రకాయలు త్రవ్విన బొరియలు, తూము గొట్టము ప్రక్కన సందులు ఈ రోగమునకు ద్వారములు. కట్టమీద పెరిగిన తుమ్మ, వేప మొదలగు పెద్దచెట్లు కూడ అట్టివే. చెట్టు చచ్చిన పిదప వేరు కుళ్లి, ఆ వేరు ఉన్నచోట గొట్టము వంటి రంధ్రము మిగులును. మొక్కగా ఉన్నపుడే పెరికివేయవలెను. పెద్దవైన పిదప ఇంజనీరును అడిగి, నీరు లేని కాలమున మొదలుతో తీయించి, గుంటను మంచి మన్నుతో పొరలుపొరలుగా దిమ్మిస కొట్టించి పూడ్చవలెను. గట్టుకు గడ్డియే శోభ, గడ్డియే రక్ష.

ఈ విద్య మన పెద్దలకు తెలియనిది కాదు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనమొకటి కలదు. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు అక్కడ చెరువు కట్టించెను. రెండేండ్లపాటు దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేసినట్లు ఆ శాసనము చెప్పుచున్నది. మంచి చెరువునకు కావలసిన 12 అంగములను, రాకూడని 6 దోషములను కూడ అందు చెక్కించిరి. ఆ దోషములలో మొట్టమొదటిది కట్టనుండి నీరు ఊరుట. రెండవది చౌటినేల. నేటి మృత్తికాశాస్త్రము కూడ చౌటిమన్ను నీటిలో చక్కెరవలె కరగి చెదరిపోవునని, కట్టకు పనికిరాదని చెప్పుచున్నది. ఆరువందల యేండ్లకు పైగా రాతిమీద ఉన్న మాటను మరచి, నేడు జేసీబీ యంత్రముతో ఎక్కడి మన్నునో నాలుగు దినములలో కుప్పవోసి, తడిపి అదుమకయే దానిని కట్ట అనుచున్నాము. యంత్రమును మేము తప్పుపట్టము. పూర్వము గంపలతో సన్నని పొరలుగా పోయుటవలనను, మనుష్యులును పశువులును త్రొక్కుటవలనను మన్ను తనంతట బిగిసెడిది. యంత్రము పోసిన మన్నును బిగింపవలసిన పని ప్రత్యేకముగా చేయవలెను. 6 నుండి 9 అంగుళముల పొరగా పోసి, తగినంత తడిపి, రోలరు త్రొక్కించిన పిదపనే పై పొర పోయవలెను.

ఖర్చు ఎవరిదని మీరు అడుగుదురు. సొంత కట్ట ఖర్చు సొంతదారునిదే. అందు సందేహము లేదు. రాయలసీమలో పూర్వము దశబంధము అను ఏర్పాటు ఉండెడిది. సొంతముగా చెరువు కట్టించినవారికి, మరమ్మతు చేయించువారికి కొంత భూమినో, రాబడిలో భాగమునో ఇచ్చి, ఆ చెరువు పోషణ భారమును వారిమీద ఉంచెడివారు. ఫలము అనుభవించువాడే కట్టను చూడవలెనను న్యాయము అందు ఉన్నది. కాలక్రమమున ఈనాములు మిగిలి, మరమ్మతులు కొన్నిచోట్ల మరుగునపడినవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టముతో జమీందారీ చెరువులు ప్రభుత్వమునకు వచ్చినవి. ఆ తరువాత కట్టుకొన్న సొంత కుంటలకు అట్టి కట్టుబాటు ఏదియు లేదు. కావున దిగువవారు యజమానితో తగవునకు పోకుండ, పని రూపమున తోడ్పడుట మంచిదని మా ఉద్దేశము. వానలకు ముందు ఒక పూట అలుగుదారిలోని తుమ్మకంప కొట్టుట, బొరియలు గుర్తించుట పదిమంది చేయగల పని. యజమాని ఏమియు చేయనన్నచో, మీరు వ్రాసిన కాగితముతో గ్రామపంచాయతీద్వారా తహసీల్దారుకును, నీటిపారుదల శాఖ ఇంజనీరుకును అర్జీ పెట్టుడు. నోటిమాటకు లేని బలము ఆ కాగితమునకు ఉన్నది.

చివరకు వాననాటి సంగతి. 2021 నవంబరులో తిరుపతి దగ్గర రాయలచెరువు కట్టకు లీకు కనబడినది. వెంటనే దిగువ గ్రామముల జనమును ఖాళీ చేయించిరి, కట్టకు ఇసుకబస్తాలు వేసి పని చేసిరి, కట్ట నిలిచినది. అక్కడ వరుస ఎట్లున్నదో గమనింపుడు. మొదట మనుష్యులను కదల్చవలెను, పిదపనే కట్ట పని. మన కుంటల దగ్గర సాధారణముగా జరుగునది ఇందుకు తలక్రిందులు. పదిమంది పారలు పట్టుకొని చీకటిలో కట్టమీదికి పరుగెత్తుదురు, దిగువవారు నిద్రలోనే ఉందురు.

కట్ట పాదమున బుగ్గ లేచి మన్ను కక్కుచున్నచో దానిమీద మన్ను పోసి మూయరాదు. నీరు మరియొక దారి వెదకుకొనును. చుట్టును బస్తాలు పేర్చి, బుగ్గమీద ముందు ఇసుక, పిదప కంకర, పిదప రాళ్లు వేసినచో నీరు పోవును, మన్ను నిలుచును. తూము పూర్తిగా ఎత్తవలెను. భయపడి కట్టను నడుమ కోయుట ఎన్నడును కూడదు. కోసిన జానెడు సందు గడియలో గండియై మీరు తప్పింపదలచిన ఆపదనే తెచ్చును. 112 సంఖ్యకు ఫోను చేయుడు. ఫోను పనిచేయనిచో దండోరా, గుడిగంట, మసీదు మైకు ఉన్నవి. ఏ గుర్తు వినబడినచో ఏ మెరకకు పోవలెనో దిగువవారికి ముందే తెలియవలెను. ముసలివారిని, బాలింతలను ఎవరు మోయుదురో పేర్లు వ్రాసి ఉంచవలెను. ఆ కాగితము ఒకటి కుంటయజమాని ఇంట, ఒకటి పంచాయతీలో, ఒకటి వంకకు మిక్కిలి దగ్గరనున్న ఇంటిలో ఉండవలెను. అన్నిటికంటె ముందుగా తట్టవలసిన తలుపు ఆ చివరి ఇంటిదే.